అంబులెన్సులో దొంగతనం: మన కోపం, మన బాధ్యత

(ప్రొద్దుటూరులో జరిగిన ముహల్లా కమిటీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితమంతా గడిపి పదవీ విరమణ చేసినవారము. ఫైలు రాయడం తెలుసు గాని ఉపన్యాసకళ తెలియదు. కనుక ఫైలు పద్ధతిలోనే మాట్లాడుతాము. జరిగినది ముందు, దానికి కారణం తరువాత, చేయవలసినది చివర మనవి చేస్తాము. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉంది. దానిని ఫైలులో నుండి తీసివేయదలచలేదు.

జరిగినది ఇది. మా ముహల్లావారు చందాలు పోగుచేసి ఒక పాత వ్యాను కొని అంబులెన్సుగా మార్చుకున్నారు. గాజులమ్మే అవ్వ కూడా పది రూపాయలిచ్చిన బండి అది. పగలు ఆసుపత్రికి, అవసరమైతే రాత్రి కడపకు పోయేది. మస్జిదు గోడ పక్కన నిలిపేవారము. ఒకనాడు ఫజర్ నమాజుకు ముందు, ఆయాసంతో బాధపడుతున్న ఒక వృద్ధుని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చింది. డ్రైవరు వచ్చి తాళం తిప్పితే బండిలో చలనం లేదు. టార్చి వేసి చూస్తే బ్యాటరీ లేదు. స్టెప్నీ చక్రం లేదు. లోపల ఆక్సిజన్ సిలిండరు ఉంది గాని, దాని తలకాయకు బిగించిన ఇత్తడి రెగ్యులేటరు లేదు. 108కు ఫోను చేస్తే, దగ్గరి వాహనం అప్పటికే మరొక రోగిని తీసుకొని కడప దారిలో ఉన్నదని చెప్పారు. చివరకు కూరగాయల ఆటోలో గోనెసంచులు పరచి ఆ పెద్దాయనను పడుకోబెట్టి తీసుకుపోయాము. నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆయన పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆలస్యమే కారణమని డాక్టరుగారు అనలేదు, మేమూ అనము. కాని ఆయన కుమారుడు ఇప్పటికీ మమ్మల్ని చూసినప్పుడల్లా ఆ నలభై నిమిషాలను గురించే అడుగుతాడు. మా దగ్గర సమాధానం లేదు.

కొత్త బ్యాటరీకి ఆరేడు వేలు అయింది. దొంగకు దక్కినది పద్నాలుగు వందలని తరువాత తెలిసింది. రెగ్యులేటరును ఇత్తడి తూకానికి అమ్మివేశాడు. ఊపిరి ఆడని మనిషికి ప్రాణాధారమైన వస్తువు తక్కెడలో పాత గిన్నెలతో కలిసిపోయింది.

ఇది మా ఒక్క వీధి కథ కాదని ఈ సభలో ఉన్నవారందరికీ తెలుసు. బంగారానికి, బట్టకు పేరుపడిన ఈ ప్రొద్దుటూరులో బ్యాంకు నుండి తెచ్చిన సొమ్మును స్కూటరు డిక్కీలో పెట్టి, టీ తాగి వచ్చేలోపు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చొక్కా మీద ఏదో పడిందని చెప్పి, దృష్టి మళ్లించి సంచి లాగుకొనిపోయే ముఠాల సంగతి వ్యాపారులకు కొత్త కాదు. జమ్మలమడుగు వైపు రైతు ట్రాక్టరు బ్యాటరీ పోతుంది, ఆగి ఉన్న లారీలో డీజిలు పోతుంది. గండికోట చూడవచ్చిన యాత్రికుడు కారు అద్దం పగిలి ఉండడం చూసి తలపట్టుకుంటాడు. పులివెందుల నుండి అరటి లోడు తీసుకుపోయే డ్రైవరు టార్పాలిన్ ఉందో లేదో మధ్యమధ్య దిగి చూసుకుంటాడు. ఆసుపత్రి ఆవరణలో రోగికి తోడుగా వచ్చినవాడు తెల్లవారి లేచేసరికి మోటారు సైకిలు ఉండదు. జుమా నమాజు ముగించుకొని వచ్చేసరికి బండిలో పెట్రోలు ఉండదు. పోయినది చిన్నదే కావచ్చు. కాని ఆటో బ్యాటరీ పోయినవాడికి ఆ రోజు సంపాదన పోతుంది, మరునాటి కంతు ఆగుతుంది, వడ్డీవాడు గుమ్మం ఎక్కుతాడు. ప్రజల ఆక్రోశం అందుకే.

అంబులెన్సు విషయంలో ఈ ఆక్రోశం మరింత న్యాయమైనది. పులివెందుల నుండి ఎన్నికైన డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ ప్రారంభమైంది. అంతకు మునుపు మన పల్లెల్లో పురిటి నొప్పులు పడుతున్న తల్లిని ఎద్దులబండిలో, నులకమంచం మీద మోసుకుపోయిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి. 2020 జూలై 1న విజయవాడలో ఒకేసారి 1,088 వాహనాలను 108, 104 సేవల కొరకు ప్రారంభించారు. ప్రభుత్వాలు మారుతాయి, రంగులు మారుతాయి. కాని సైరను వినబడితే దారి ఇవ్వాలన్న సంస్కారం మాత్రం ప్రజలలో నిలిచింది. దారి ఇవ్వనివారికి పదివేల రూపాయల జరిమానా విధించే నిబంధనను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. దారి ఆపినవాడికే అంత శిక్ష అయితే, బండినే కదలకుండా చేసినవాడిని ఏమనాలి?

2024 డిసెంబరులో హైదరాబాదు సమీపాన హయత్‌నగర్‌లో ఒక దొంగ ఏకంగా 108 వాహనాన్నే ఎత్తుకొని, సైరను మోగించుకుంటూ విజయవాడ రహదారిపై పారిపోయాడు. చిట్యాల వద్ద ఆపబోయిన ఒక ఏ.ఎస్.ఐ. తీవ్రంగా గాయపడ్డారు. చివరకు సూర్యాపేట సమీపంలోని టేకుమట్ల వద్ద రోడ్డుకు అడ్డంగా లారీలు నిలిపి పట్టుకున్నారు. సైరను విని దారి తప్పుకున్నవారందరూ లోపల ఒక రోగి ఉన్నాడనే అనుకొని ఉంటారు. ఆ నమ్మకాన్నే దొంగ వాడుకున్నాడు. వాహనాల భాగాల దొంగతనం మన ఊళ్లకే పరిమితం కాదు. ఈకో వ్యానుల సైలెన్సర్లను కోసుకుపోయే ముఠాలు గుజరాతు, మహారాష్ట్రలలో పట్టుబడ్డాయి. సైలెన్సరులో పొగను శుద్ధిచేసే భాగంలో పల్లాడియం, ప్లాటినం, రోడియం అనే విలువైన లోహాలు అత్యల్ప పరిమాణంలో ఉంటాయి. వాటి కోసమే ఆ కోత. అమెరికాలో, ఇంగ్లండులో కూడా ఇదే దొంగతనం విపరీతమైంది. దీనిని బట్టి తెలిసేది ఒక్కటే. కొనేవాడు ఉన్నంతకాలం కోసేవాడు ఉంటాడు. ఈ మాటను గుర్తుంచుకొండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము.

ఇక మా తప్పు సంగతి.

బ్యాటరీ పోయిన ఉదయమే వీధిలో ఒక పేరు వినబడింది. మస్జిదుకు నాలుగిళ్ల అవతల పంక్చరు అంగడిలో పనిచేసే పందొమ్మిదేళ్ల కుర్రవాడు. తండ్రి లేడు. తల్లి బీడీలు చుడుతుంది. వాడికి స్పానర్లు పట్టడం వచ్చు, రాత్రి పొద్దుపోయేదాకా అంగడిలో ఉంటాడు. ఇంతకు మించి సాక్ష్యం లేదు. పోలీసులు వచ్చి ఎవరిమీదనైనా అనుమానముందా అని అడిగినప్పుడు కమిటీలో ఒకరు ఆ పేరు చెప్పారు. మేము పక్కనే ఉన్నాము. కాదనలేదు. నిజం చెప్పాలంటే మాకూ అనుమానం కలిగింది. ఆ సాయంకాలం వాడిని ఠాణాకు తీసుకుపోయారు. రెండు రాత్రులు గడిచి మూడవ ఉదయం వదిలారు. ఏ కాగితం మీదా వాడి పేరు లేదు. ఆ ఊరు పేరు, ఠాణా పేరు ఇక్కడ అవసరం లేదు. ఏ ఊరైనా అలాగే జరిగి ఉండేది.

పది రోజులకు అసలు మనిషి దొరికాడు. బ్యాటరీ మీద మేము గోరుతో గీసిన గుర్తును గుజిరీ అంగడివాడు ఒప్పుకున్నాడు. అమ్మినవాడు మా కమిటీలోనే ఒక పెద్దమనిషి కుమారుడు. చదువుకున్నవాడు, మంచి బట్టలు కట్టేవాడు. ఫోనులో పందేలు ఆడి అప్పులపాలైనవాడు. వెంటనే మాలో కొందరు, “ఇంటి గుట్టు బజారున పడుతుంది, డబ్బు కట్టించి రాజీ చేద్దాము” అన్నారు. పంక్చరు అంగడి కుర్రవాడి విషయంలో ఎవరికీ గుర్తురాని గుట్టు, పెద్దమనిషి కుమారుని విషయంలో గుర్తుకు వచ్చింది.

ఆ రాత్రి కమిటీలో మా ఇమాం సాహెబు ఒక సంగతి చెప్పారు. మదీనాలో ముస్లిము అనిపించుకున్న ఒక వ్యక్తి ఒకరి కవచాన్ని దొంగిలించి, పట్టుబడతానన్న భయంతో దానిని ఒక యూదుని వద్దకు చేర్చి నింద అతనిమీద మోపాడు. దొంగ బంధువులందరూ ఒక్కటై తమవాడే నిర్దోషి అని వాదించారు. అప్పుడు అవతరించిన వాక్యాలు ఖుర్ఆన్‌లో అన్నిసా సూరాలో 105వ వాక్యం నుండి ఉన్నాయని వ్యాఖ్యాతలు చెబుతారు. ఆ వాక్యాలు యూదుని నిర్దోషిగా తేల్చాయి. వంచకుల పక్షాన వాదించవద్దని దైవప్రవక్త (స)కే ఆదేశం వచ్చింది. తాను చేసిన పాపాన్ని అమాయకునిమీద వేసేవాడు ఎంతటి భారం మోస్తాడో కూడా అక్కడే ఉంది. ఇమాం సాహెబు చెప్పి ఊరుకున్నారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరునాడు ఆ పెద్దమనిషే కుమారుని చేయి పట్టుకొని ఠాణాకు తీసుకుపోయాడు. ఆయన ఎడల మాకు గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు.

సోదరులారా! మన సమాజంమీద పడే నిందల గురించి ఈ పత్రికలో, ఇటువంటి సభలలో ఎన్నోసార్లు చెప్పుకున్నాము. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిదులో పేలుడు జరిగిన తరువాత నిర్బంధింపబడి, ఆనక న్యాయస్థానంలో నిర్దోషులుగా తేలిన యువకుల బాధ మనం మరువలేదు. మనవారు అధికసంఖ్యలో సొంత పనుల మీద, చిన్న వ్యాపారాల మీద, చేతిపనుల మీద బతుకుతున్నారని సచార్ కమిటీ 2006లో చెప్పింది. పంక్చరు అంగడి, బ్యాటరీ షెడ్డు, ఆటో, గుజిరీ బండి మన ఊళ్లలో మనవారి జీవనాధారాలు. కనుక వాహనంలో ఏది పోయినా మొదటి చూపు మన గల్లీ వైపు తిరుగుతుంది. ఇది అన్యాయం. కాని అదే చూపును మేమూ మా గల్లీలోని పేదవాడి వైపు తిప్పాము. పరులు చేస్తే వివక్ష, మనం చేస్తే అనుమానమా? ఈ ప్రశ్న మాకు మేము వేసుకున్న తరువాతనే మీ ముందు నిలబడే ధైర్యం వచ్చింది.

ఇప్పుడు చేయవలసినది. గుమాస్తా పద్ధతిలో ఒక్కొక్కటిగా చెబుతాము.

మొదటిది ఫిర్యాదు. పోయినది ఎంత చిన్నదైనా రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వండి. “ఎవరు తిరుగుతారు, ఒక రోజు కూలి పోతుంది” అనుకొని ఊరుకుంటే, ఆ దొంగతనం జరగనట్టే లెక్క. లెక్కలో లేని బాధకు గస్తీ రాదు. 2024 జూలై 1 నుండి దేశంలో కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా మీరు వెళ్లిన ఠాణాలో సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ మార్గంలో పంపితే మూడు రోజులలోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్.పి.గారికి తపాలా ద్వారా పంపవచ్చు. అక్కడా ఫలితం లేకుంటే మేజిస్ట్రేటు ఉన్నారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజులలోగా ఫిర్యాదిదారుకు తెలియజేయాలని కూడా అదే చట్టం చెబుతున్నది.

రెండవది, నేరం బరువు తెలుసుకొనడం. సాధారణ దొంగతనానికి భారతీయ న్యాయ సంహితలో మూడు సంవత్సరాల వరకు శిక్ష ఉంది. కాని 305వ సెక్షను కింద ప్రయాణికులను గాని సరుకులను గాని చేరవేసే వాహనాన్ని దొంగిలించినా, దానిలోని వస్తువును దొంగిలించినా, ప్రభుత్వ ఆస్తిని దొంగిలించినా ఏడు సంవత్సరాల వరకు జైలు, జరిమానా కూడా. “బ్యాటరీయే కదా” అని తేలికగా మాట్లాడే పిల్లలకు ఈ సంగతి ఇంట్లో చెప్పండి.

మూడవది, కొనేవారి బాధ్యత. ఇందాక గుర్తుంచుకొమ్మన్న మాట ఇదే. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని కొన్నవారికి 317వ సెక్షను కింద మూడు సంవత్సరాల వరకు శిక్ష ఉంది. గుజిరీ అంగళ్ల సోదరులు ఈ సభలో ఉన్నారు. వారిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. మా బ్యాటరీ దొరికినది వారిలో ఒకరు నిజం చెప్పినందువల్లనే. కాని రాత్రిపూట ఒక కుర్రవాడు బ్యాటరీ భుజాన పెట్టుకొని వస్తే అది ఎక్కడిదని అడగండి. ఆక్సిజన్ రెగ్యులేటరు వంటి ఆసుపత్రి వస్తువు తక్కెడ దగ్గరకు వస్తే కొనకండి. ఒక నోటు పుస్తకం పెట్టి అమ్మినవాని పేరు, ఫోను నంబరు, తేదీ, వస్తువు రాసుకోండి. ఆ పుస్తకమే రేపు మీ నిర్దోషిత్వానికి సాక్ష్యం. దొంగసొత్తు లాభంతో ఇంటికి తెచ్చిన అన్నం హలాల్ కాదని మీకు మేము చెప్పనక్కరలేదు.

నాలుగవది, అనుమానితుని హక్కు. అరెస్టయిన ఏ వ్యక్తినైనా ప్రయాణ కాలం మినహాయించి ఇరవైనాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నది. అరెస్టు చేసిన సంగతి బంధువులకు తెలపాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడిని లాకప్‌లో పెట్టరాదు. నిర్బంధంలో ఉన్నవారికి, స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయ సేవాధికార సంస్థవారు దారి చూపుతారు. ఆ రెండు రాత్రులలో ఈ నంబరు మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇకమీదట మస్జిదు బోర్డు మీద నమాజు వేళల కింద రాయించండి.

ఐదవది, చేయి చేసుకొనకపోవడం. దొంగ దొరికితే స్తంభానికి కట్టి కొట్టాలని కోపం వస్తుంది. కళ్లముందు నేరం చేసినవాడిని పౌరుడు పట్టుకోవచ్చు. కాని ఆలస్యం చేయకుండా, ఆరు గంటలలోగా పోలీసులకు అప్పగించాలి. గుంపుగా కొట్టి చంపితే ఎటువంటి శిక్షలున్నాయో, ఆ చావులలో మనవారు ఎందరున్నారో మీరెరుగుదురు. గుంపు చేతిలో దెబ్బలు తిన్న సమాజం గుంపుగా మారరాదు.

ఆరవది, మన జాగ్రత్త. ముహల్లా అంబులెన్సును దీపం ఉన్నచోట, మనుషులు మసలేచోట నిలపండి. బ్యాటరీ పెట్టెకు ఇనుప చట్రం, తాళం వేయించండి. బ్యాటరీ, చక్రం, సిలిండరు, రెగ్యులేటరు మీద గుర్తు చెక్కించి, వాటి నంబర్లు రిజిస్టరులో ఎక్కించండి. ప్రతి రాత్రి ఇషా తరువాత ఒకరు, ఫజర్‌కు ముందు ఒకరు బండిని చూసి సంతకం చేయాలి. పెద్ద ఖర్చేమీ కాదు. బ్యాంకు సొమ్మును డిక్కీలో వదలవద్దు. బండికి మూడవ పక్ష బీమా మాత్రమే ఉంటే దొంగతనానికి పరిహారం రాదు, సమగ్ర బీమా ఉండాలి. వాహనం పోయినప్పుడు వెంటనే ఎఫ్.ఐ.ఆర్. ఇస్తే, బీమా కంపెనీకి తెలపడంలో జాప్యమయిందన్న ఒక్క కారణంతో క్లెయిమును తిరస్కరించరాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా ఇద్దరికీ అదే రోజు తెలపడమే మేలు.

చివరిది, ఫోను పందేలు. దొంగతనం వెనుక ఆకలి ఉన్న రోజులు పోయాయని అనము. కాని మేము చూసిన దొంగతనం వెనుక ఉన్నది ఆకలి కాదు, జూదం. ఒక్కగానొక్క కుమారుడు రాత్రి రెండు గంటలదాకా ఫోనులో ఏమి చేస్తున్నాడో అడగని తండ్రి, తరువాత ఠాణాలో అన్నిటికీ సమాధానం చెప్పవలసి వస్తుంది.

అధికారులకు ఒక విన్నపం. మూడు పట్టణాలలోను ఆసుపత్రి ఆవరణలలో, బస్టాండ్లలో దీపాలు, కెమెరాలు పనిచేసేటట్టు చూడండి. 108 సిబ్బంది రోగిని లోపలికి చేర్చే ఆ కొద్ది నిమిషాలు బండి దగ్గర ఒక కావలి మనిషి ఉండే ఏర్పాటు చేయండి. నిలిచి ఉన్న బండిని రక్షించే భారమంతా స్ట్రెచరు మోస్తున్న ఇద్దరిమీద వేయడం ధర్మం కాదు. దర్యాప్తును పేదవాడి గుమ్మం నుండి కాక, వస్తువు అమ్ముడుపోయే చోటు నుండి ప్రారంభించండి. మా దొంగ దొరికినది అలాగే.

ఆ పంక్చరు అంగడి కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాము. అసలు మనిషి దొరికిన తరువాత జుమా రోజున కమిటీవారందరమూ వాడి ఇంటికి పోయాము. తల్లి బీడీల చేట పక్కన పెట్టి, లోపలికి రమ్మని చాప వేసింది. వాడు లేడు. “బెంగుళూరు పోయినాడు సాబ్, ఈ వీధిలో తల ఎత్తుకోలేనన్నాడు” అన్నది. మేము క్షమాపణ చెప్పాము. ఆమె, “నాకు చెబితే ఏమి లాభం సాబ్, పేరు చెప్పింది అందరి ముందర కదా” అన్నది.

ఆమె మాట న్యాయమైనది. మరుసటి జుమా రోజున అందరి ముందర, ఆ బిడ్డ నిర్దోషి అని, తప్పు మాది అని ప్రకటించాము. ఈ రోజు మీ ముందు కూడా అదే చెబుతున్నాము. వాడు ఇంకా ఊరికి తిరిగి రాలేదు. అంబులెన్సుకు బ్యాటరీ వచ్చింది, కొత్త చక్రం వచ్చింది, రెగ్యులేటరు వచ్చింది. ఆ బిడ్డ రావలసి ఉంది. వాడు వచ్చేదాకా మా ఫైలు మూయబడదు.